సత్తు పంటు అతుకు

గోదావరి లంకలో ఆశ్రమం పెట్టుకున్న చిదంబర గురువుగారికి ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి జవాబివ్వరు, పని అప్పగిస్తారు. ఈ కథ రాసినవాడు కూడా ఒకసారి మోక్షం సంగతి అడగబోయి, పూటంతా గొడ్లసావిట్లో పేడ ఎత్తి వచ్చాడు. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మోక్షం కూడా అతణ్ణి వెతుక్కుంటూ రాలేదు.

గవర్రాజుకి అలాంటి భయమేమీ లేదు. ఎలాగూ పనిలోనే ఉన్నాడు. ఆశ్రమం పంటుకి వెల్డింగు చేసేవాడు అతనే. రెండు పొడుగాటి సత్తు గొట్టాలు, అంటే అల్యూమినియంవి, నీళ్ళమీద తేలుతుంటే, వాటిపైన పలకలు పరిచి మనుషుల్నీ గేదెల్నీ గోదావరి దాటించే పంటు అది. దాన్ని నడిపే సరంగు అతని సొంత తమ్ముడు బుల్లియ్య.

ఎడమ గొట్టం మీద అతుకు అస్తమానూ పగిలేది. తమ్ముడు పంటుని రేవుకి గుద్దుతున్నాడని అన్న, అన్న అతుకులు అప్పడాలని తమ్ముడు. పెద్దవాళ్ళు కలగజేసుకుని సర్దేవారు. గవర్రాజు పగులు మీద ఇంకో పొర పోసేవాడు. నెల తిరక్కుండా పొర పక్కన పగులు, దాని పక్కన తగువు. చివరికి మాటలు మానేశారు. అంటే, ఒకరితో ఒకరు మానేశారు. ఒకే పంటు మీద నిలబడి, మధ్యలో గురువుగారిని కూర్చోబెట్టి, "కాస్త నెమ్మదిగా రేవుకి ఆనించమనండి వాణ్ణి" అని ఇతనూ, "కాస్త గట్టిగా అతకమనండి ఆయన్ని" అని అతనూ. కోపాన్ని జయించారని పేరుపడ్డ మనిషి, ఆ పేరు కాపాడుకోలేక నానా అవస్థా పడేవారు.

ఈసారి పగిలినప్పుడు పంటుని ఇసకమీదికి లాగారు. పున్నమి వెళ్ళగానే కింది రేవులో ఇసక పడవలో పనికి ఎక్కేస్తానని బుల్లియ్య గురువుగారితో చెప్పి, గట్టుమీద అటు తిరిగి కూర్చుని మోకు చుడుతున్నాడు. ఆ మాట విన్నప్పటినుంచి గవర్రాజుకి అన్నం సయించలేదు. గురువుగారి దగ్గరికెళ్ళి అడిగాడు.

"ఎన్నిసార్లు సర్దుకున్నా మళ్ళీ ఎందుకు చెడుతోందండీ?"

గురువుగారు గొట్టంకేసి చూశారు. గుమ్మడికాయంత ఉబ్బి ఉంది ఆ అతుకు. "పైన ఇంకేం పొయ్యకు. ఇదివరకు పోసిందంతా తీసెయ్యి," అన్నారు.

గవర్రాజుకి ఒళ్ళు మండింది. రుద్రాక్షలు లెక్కపెట్టుకునే ఆయన తనకి వెల్డింగు నేర్పడమేమిటనుకుంటూ గ్రైండరు పట్టాడు. పొరలు ఊడొస్తున్నాయి. ఇది గేదె జారిపడ్డ రోజున వేసింది. ఇది అమ్మ తద్దినంనాడు, భోజనాలదగ్గర అరుచుకున్నాక వేసింది. ప్రతి పొరకీ ఒక తగువు గుర్తొస్తోంది, ప్రతి తగువులోనూ తనదే న్యాయం.

అడుగుపొర దగ్గర చెయ్యి ఆగిపోయింది. లోహంలో నల్లటి మచ్చలు, పుచ్చు వంకాయలో లాగ. అవేమిటో గవర్రాజుకి ఒకరు చెప్పక్కర్లేదు. ఇనుము తోమిన బ్రష్షుతో సత్తుని తోమకూడదు. ఆ మురికి అతుకులోకి పోతే అది నిలవదు. మొట్టమొదటి రోజున, వేరే బ్రష్షు వెతకడానికి బద్ధకించి, తుప్పుపట్టిన గేటుని తోమిన దానితోనే తోమేశాడు. రేవుకి గుద్దినా గుద్దకపోయినా అది పగలాల్సిందే.

నాలుగువైపులా చూశాడు. తమ్ముడి వీపు కదలడం లేదు. కొత్త బ్రష్షు తీసి పక్కన పెట్టుకుని, మచ్చలన్నీ చకచకా గీకెయ్యబోయాడు.

"ఆ నల్లవేమిటి?" గురువుగారు వెనకాలే ఉన్నారు.

గవర్రాజు గొంతు తగ్గించి అంతా చెప్పుకున్నాడు. ఇప్పుడు శుభ్రంగా తోమి అతికేస్తే జన్మలో పగలదని ఒట్టేశాడు. అందులో అబద్ధం లేదు.

"తరవాత అతుకుదువుగాని. ముందు మీ తమ్ముణ్ణి పిలిచి చూపించు."

"ఆయ్, వాడు చూశాడంటే చచ్చేదాకా దెప్పుతాడండీ."

గురువుగారు పంచె పైకి దోపుకుని ఆశ్రమం దారి పట్టారు.

"దెప్పనీరా. దెప్పాలన్నా నీతో మాట్లాడాలిగా."