చివరి ఆకు ముందు చదివిన రాజు

ఏ నది ఒడ్డున, ఏ కాలంలో అని నన్నడక్కండి. రేవుకోట అని ఒక రాజ్యం ఉండేది. దాన్ని చండకేతు మహారాజు ఏలేవాడు. యుద్ధాలు గెలిచాడు, కాలువలు తవ్వించాడు. అంతటితో ఊరుకుంటే ఈ కథే లేదు. నడివయసులో ఆయనకు కథలు రాయాలని బుద్ధి పుట్టింది.

రాయడం తప్పు కాదు. నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో మా చరిత్ర మాస్టారు, రాజుల రాతల్లో సగం పక్కనున్నవాళ్లు రాసిపెట్టినవేనని నవ్వేవారు. చండకేతుడు మాత్రం తన కథ తనే రాసుకున్నాడు. తాటాకుల మీద, సొంత గంటంతో, వేళ్లు కాయలు కాచేలా రాశాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, రేవు పక్కన పాత సుంకం చావడిలో. పడవల రాకపోకలు తగ్గాక ఆ చావడి ఖాళీగా పడి ఉంటే, ఊళ్లో కథలు రాసేవాళ్లు అక్కడ సాయంత్రాలు కూడేవారు. వాళ్లకో పద్ధతి ఉండేది. ఒకరు చదువుతుంటే వింటున్నవాళ్లలో ఎవరైనా సరే, "ఆగండి" అనవచ్చు. అనుమానం అడగవచ్చు. దానికి జవాబు చెప్పందే చదివేవాడు ముందుకు కదలకూడదు. మెచ్చుకోళ్లు మాత్రం ఆ రోజుకు నిషిద్ధం. బాగుందనిపిస్తే మళ్లీ కలిసినప్పుడు చెప్పాలి, అప్పటికి గుర్తుంటే.

రాజుగారి ఆస్థానంలో కథలు చెప్పే మాచన ఆ చావడికి పోకుండా ఉండేవాడు కాదు. భార్య పోయింది, పిల్లలు లేరు. ఇంట్లో వండుకున్న అన్నం కూడా సగం మిగిలిపోయేది. చావడిలో నలుగురూ తన కథను పట్టుకుని చీల్చి చెండాడితే, ఆ రాత్రి హాయిగా నిద్రపోయేవాడు.

అలాంటి చావడికి రాజుగారు తాళం వేయించాడు. "ఇకమీదట రాజ్యంలో కథ వినాలంటే కొలువుకే రావాలి. చదివేది మేమే," అని చాటింపు వేయించాడు.

కొలువు నిండిపోయింది. నిండక ఏం చేస్తుంది? రాజు మీసం దువ్వితే "భేష్" అనాలి, గొంతు తగ్గిస్తే కళ్లు తుడుచుకోవాలి. అందరికీ వారం తిరక్కుండానే అలవాటైపోయింది. సేనాపతికైతే ఏడుపు మరీ బాగా పట్టుబడింది.

మాచన మాత్రం ఇంట్లో గోడకు ఎదురుగా కూర్చుని తన కథ తనే చదువుకునేవాడు. ఒక చోట ఆగి, కాసేపు చూసి, మళ్లీ మొదలుపెట్టేవాడు. గోడ ఏం అడుగుతుంది?

ఒకనాడు రాజు అతన్ని పిలిపించాడు.

"ఏం మాచనా, అందరూ భేష్ అంటారు, నీ నోరు మాత్రం పెగలదు. అసూయా?"

"అసూయ కాదు ప్రభూ, జాలి."

"ఎవరి మీద?"

"తమ మీదే. ఇంత పెద్ద కొలువులో తమ కథ విన్నవాడు ఒక్కడూ లేడు."

రాజు ముఖం ఎర్రబడింది. "ఆ మాట రుజువు చెయ్యి. చేయలేకపోతే రేపే నది దాటి పోవాలి. మళ్లీ ఈ ఒడ్డున కనబడకూడదు."

"చేస్తే?"

"ఏం కావాలో అడుగు."

"చావడి తాళం తీయించాలి. రుజువు కష్టమేమీ కాదు ప్రభూ. తమ కథలో ఒక్కో ఆకు మీద ఒక్కో ఘట్టం ఉంది కదా. రేపు చివరి ఆకుతో మొదలుపెట్టి వెనక్కి చదవండి. ఒక్కరైనా ఇదేమిటని అడిగితే నేను పడవెక్కుతాను."

రాజు పకపకా నవ్వాడు. "పిచ్చివాడా! చచ్చినవాడికి పెళ్లి చేస్తే ఎవడు ఊరుకుంటాడు? మూట సర్దుకో."

మాచన నిజంగానే మూట సర్దుకుని కొలువుకు వచ్చాడు. అంత ధైర్యవంతుడేం కాదు.

రాజు కట్ట విప్పాడు. మొదట కథానాయకుడైన రాకుమారుణ్ణి చందనపు కట్టెల మీద దహనం చేశాడు. మీసం దువ్వాడు. "భేష్!" అంది కొలువు. తర్వాత ఆ దహనమైపోయినవాడు లేచి శత్రువుల్ని తరిమాడు. ఆ తర్వాత పెళ్లి చేసుకున్నాడు. "భేష్, భేష్!" ఆస్థాన పండితుడు సోమయాజిగారు పక్కవాడితో, "మరణానంతరం వివాహం! ఎంత లోతైన వేదాంతం!" అన్నాడు. మాచన మూట మీద నుంచి చెయ్యి తీశాడు.

రాజు చదవడం నెమ్మదించింది. ఒక్కో ఆకు తిప్పినప్పుడల్లా తలెత్తి కొలువంతా వెతికినట్టు చూశాడు. రాకుమారుడి తల్లి చనిపోయే ఘట్టం వచ్చింది. ఆయన గొంతు తగ్గింది. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఆ మరుసటి ఆకులో ఆ తల్లే రాకుమారుణ్ణి ప్రసవించింది. రాజు గొంతు ఇంకా తేరుకోలేదు, సేనాపతి భోరుమన్నాడు.

"ఎందుకేడుస్తున్నావయ్యా?" అన్నాడు రాజు.

"ఆ... ఆ పసివాడి చావు తట్టుకోలేకున్నాను ప్రభూ!"

రాజు ఆకులు పక్కన పెట్టి లేచి వెళ్లిపోయాడు. కొలువు అలవాటుగా, "భేష్!" అంది.

మాచన వెళ్లేసరికి ఆయన కిటికీ దగ్గర ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"గెలిచావు. తాళం తీయించమన్నాను," అన్నాడు వెనక్కి తిరగకుండానే. "ఆ తల్లి మా అమ్మే మాచనా. పేరొక్కటి మార్చాను. నాలుగు నెలలుగా చదువుతున్నాను," అన్నాడు.

మాచన, "సాయంత్రం చావడికి రండి ప్రభూ. చాప మీద కూర్చోవాలి మరి," అన్నాడు.

రాజు వచ్చాడు. వచ్చినవాడు ఊరికే ఉంటాడా, కట్ట కూడా తెచ్చాడు. ఈసారి మొదటి ఆకు నుంచే చదివాడు. రాకుమారుడు రేయింబవళ్లు గుర్రం దిగకుండా అడవి దాటే చోట, దయ్యాల కథలు రాసే కొమ్మసాని అనే ముసలావిడ చెయ్యెత్తింది.

"ఆగండి మారాజా. ఆ గుర్రానికి నీళ్లెవరు పెట్టారు?"

చావడి బిగుసుకుపోయింది. రాజు చెయ్యి మీసం మీదికి పోయింది. ఈసారి ఎవరూ భేష్ అనలేదు.

"రాజుల గుర్రాలకు నీళ్లు వాటంతటవే వస్తాయి!" అని గర్జించాడు. తను అన్న మాట తన చెవిన పడేసరికి ఆగిపోయాడు. ముందు మీసాలు కదిలాయి, తర్వాత భుజాలు కదిలాయి, ఆపైన పొట్ట పట్టుకుని చాప మీద దొర్లేలా నవ్వాడు. చావడి మొత్తం నవ్వింది.

"ఇంకొకటి," అంది కొమ్మసాని, నవ్వు తగ్గనిచ్చి. "తల్లి పోయే పూట ఆ పిల్లాడు ఎక్కడున్నాడో రాయలేదు."

"తలుపు బయట," అన్నాడు రాజు. "లోపలికి రానివ్వలేదు. తలుపుకి ఇత్తడి పువ్వులుండేవి. వాటినే చూస్తూ నిలబడ్డాడు."

"మరి అది రాయరేం నాయనా?"

రాజు పక్కవాడి గంటం అడిగి తీసుకుని, ఆకు అంచున ఏదో గీసుకున్నాడు.

చీకటి పడకముందే అందరూ లేచారు. రాజు మాచనను ఆపి, బయట కట్టేసిన తన గుర్రం పగ్గం అతని చేతిలో పెట్టాడు.

"ఇది నీకు బహుమానం. నౌకర్లను మాత్రం ఇవ్వను. నీళ్లు నువ్వే పెట్టాలి."

"ప్రభూ, నాకు ఎక్కడం రాదు!"

"నడిపించుకుని పో," అని నవ్వుకుంటూ రాజు కాలినడకన కోట దారి పట్టాడు.

మాచన గుర్రాన్ని నడిపించుకుంటూ వీధులన్నీ తిరిగి ఇల్లు చేరాడు. అది సందులో ఇరుక్కుని ఓసారి, ఎవరిదో తోటకూర మేసి ఓసారి అతన్ని తిట్లు తినిపించింది. పెరటి తలుపు తీసి, దాని మెడ మీద చెయ్యి వేసి, చీకటిగా ఉన్న ఇంటి లోపలికి చూస్తూ మాచన, "వచ్చాం," అన్నాడు.