తీరిపోయిన ఫిర్యాదు

దాలినాయుడు మాస్టారికి ఒక చాదస్తం ఉంది. ఎవరైనా వచ్చి "అయిపోయింది మాస్టారూ" అంటే ఆయన "ఎవరికి?" అని అడుగుతారు. విజయనగరంలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, కంప్యూటరు తెర మీది తెలుగును చూపులేనివాళ్లకు పైకి చదివి వినిపించే 'చదువరి' అనే ప్రోగ్రాము తయారుచేసి ఊరికే పంచుతున్నారు. పంచడమంటే మాటలు కాదు. లినక్స్ అన్న పేరు ఒకటే గానీ, అందులో డిస్ట్రోలని బోలెడు రకాలు. ఒకదానికి కట్టిన ప్యాకేజీ ఇంకోదానికి పనికిరాదు. ఏ రకానికి ఆ రకం విడిగా కట్టాలి, ఎక్కడ గొంతు తెగిపోతోందో వెతికి అతకాలి. మూడేళ్లుగా ఆ చాకిరీ అంతా శిష్యుడు నూకరాజు నెత్తిన పడింది.

నూకరాజు పనిమంతుడే. కాకపోతే ఆ సంగతి అతనికి కొంచెం ఎక్కువగా తెలుసు. ఆ ఏడాది ఐదు డిస్ట్రోలకు కొత్త ప్యాకేజీలు కట్టి, వచ్చిన ఫిర్యాదులన్నీ తీర్చి, ఒక్కటీ మిగలని జాబితాను మాస్టారి ముందు పెట్టాడు. "మాస్టారూ, పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది? ఇదిగో, ఇలా ఖాళీ అయితేనే కదా?" అని అడిగాడు. అడిగినట్టు అడిగాడు గానీ, అతనికి కావలసింది జవాబు కాదు, మెప్పు.

మాస్టారు ఖాళీ జాబితా వంక చూడనే లేదు. మూసేసిన ఫిర్యాదులు తెరిచి, కిందికి జరుపుతూ పోయి ఒకచోట ఆగారు. బొబ్బిలి నుంచి పైడితల్లి అనే ఆవిడ రాసింది. "కొత్త ప్యాకేజీ ఎక్కించాక నా లాప్‌టాప్ మాట్లాడటం మానేసింది. అంధుల బడిలో ఉద్యోగానికి నెలాఖరులోగా పది పాఠాలు టైపు చేసి చూపించాలి. ఆరు అయ్యాయి. దయచేసి త్వరగా చూడండి." కింద ఇంటి అడ్రసు కూడా ఉంది.

"ఇదెలా తీరిందిరా?"

"మన దగ్గరున్న కంప్యూటర్లలో బాగానే పలుకుతోంది మాస్టారూ. వివరాలు పంపమని రెండుసార్లు రాశాను. జవాబు లేదు. ముప్ఫై రోజులు చూసి మూసేశాను. అందరూ చేసేదే."

"పద, బొబ్బిలి వెళ్లొద్దాం" అన్నారు మాస్టారు.

ఒక్క లాప్‌టాప్ కోసం ఇంత దూరమా అని నూకరాజు దారి పొడుగునా లోపల్లోపల గొణుక్కున్నాడు. వాళ్లు వెళ్లేసరికి పైడితల్లి వసారాలో కూర్చుని విస్తళ్లు కుడుతోంది. ఆవిడకు ముప్ఫై ఏళ్లు దాటి ఉంటాయి. ఫలానా అని మాస్టారు చెప్పగానే చేతిలో ఆకు పక్కన పెట్టి లేచి, "అయ్యో, నా కోసం ఇంత దూరం వచ్చీసారేటి బాబూ!" అంటూ గోడ పట్టుకుని లోపలికెళ్లి కుర్చీలు తెచ్చింది. తువ్వాలులో చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టిన లాప్‌టాప్‌ను తీసి ఇచ్చింది.

నూకరాజుకు నిమిషం పట్టలేదు. స్పీకర్లలో చడీచప్పుడూ లేదు. తెర మీద శబ్దాన్ని చూపించే పచ్చగీత మాత్రం ఎగిరెగిరి పడుతోంది. ఈ పాత డిస్ట్రోకు ప్యాకేజీ కట్టినప్పుడు, శబ్దాన్ని స్పీకర్లకు చేరవేసే పాత ప్రోగ్రామును తీసేసి కొత్తది పెట్టమని అతనే ఒక వాక్యం రాశాడు. ఆ కొత్తది ఇక్కడ దారి తప్పి, మాటలన్నిటినీ టీవీ తీగ గుచ్చే కన్నంలోకి పంపుతోంది. టీవీ లేదు, తీగా లేదు. లాప్‌టాప్ మూగబోలేదు. తెరిచినప్పుడల్లా ఆ ఖాళీ కన్నంలోకి మాట్లాడుతూనే ఉంది.

"వివరాలు పంపమన్నాం కదమ్మా" అన్నాడు. గొంతులో ఇంకా కాస్త బింకం మిగిలే ఉంది.

"ఫిర్యాదు రాసిపెట్టిన పక్కింటి టీచరమ్మే మీ జవాబు తన ఫోనులో చదివి చెప్పింది బాబూ. నల్ల తెర తెరిచి ఏదో టైపు చెయ్యమని, తెర మీద కనిపించిందంతా ఉన్నదున్నట్టు పంపమని రాసేరట." ఆవిడ చిన్నగా నవ్వింది. "కనిపిస్తే మీతో నాకు పనేటి? టీచరమ్మని చెయ్యమన్నాను. ఏదైనా చెడిపోతే నా మీదకొస్తాదమ్మా అని ఆవిడ ముట్టుకోనేదు."

నూకరాజు తల దించుకున్నాడు. అది అతను వచ్చిన ప్రతి ఫిర్యాదు కిందా అతికించే జవాబు. ఈ ప్రోగ్రాము ఎవరి కోసమో, ఏది పోయిందని ఆవిడ మొత్తుకుందో తెలిసే అతికించాడు. తట్టలేదు, అంతే.

"ఉద్యోగం సంగతేమైందమ్మా?" అని అడిగారు మాస్టారు.

"గడువు దాటిపోయింది కదా బాబూ. పాలకొండ పిల్లని తీసుకున్నారు. మంచి పిల్లే."

"తప్పు మాది తల్లీ" అన్నారు మాస్టారు. వీడిది అనలేదు. అంటే బాగుండుననిపించింది నూకరాజుకు.

అతను శబ్దం దారి సరిచేశాడు. మాస్టారు తన ఫోను నుంచి నెట్ కలిపారు. లాప్‌టాప్ గొంతు విప్పగానే పైడితల్లి మొహం వెలిగిపోయింది. వేళ్లు వాటంతటవే మీటల మీదికి పోయి మెయిలు తెరిచాయి. చదువరి వాళ్ల పేరుతో వచ్చి, ఎవరూ విప్పని ఉత్తరం ఒకటి ఉంది. నూకరాజు ఏడాది పాటు కూర్చుని సానపట్టిన ఆ తేట గొంతే దాన్ని చదివింది.

"మీ నుంచి జవాబు రానందున మీ సమస్య తీరిపోయినట్లు భావించి ఈ ఫిర్యాదును మూసివేస్తున్నాం. చదువరిని వాడుతున్నందుకు ధన్యవాదాలు."

"ఎవరు రాసేరో గానీ మర్యాదగా రాసేరు" అంది పైడితల్లి. వెటకారం కాదు, నిజంగానే అంది. చెంప మీద కొట్టినా నూకరాజుకు అంత నొప్పి పుట్టేది కాదు. రాసింది నేనేనమ్మా అని చెప్పబోయాడు. చెప్పకుండానే లేచి కుర్చీ లోపల పెట్టాడు. ఆవిడ లాప్‌టాప్‌ను మళ్లీ తువ్వాలులో చుట్టి, సగం కుట్టిన విస్తరి ఒళ్లోకి తీసుకుంది.

తిరుగు బస్సు గజపతినగరం దాటింది.

"పొద్దున్న నన్నేదో అడిగేవు" అన్నారు మాస్టారు.

నూకరాజు కిటికీలోంచి బయటికే చూస్తున్నాడు. మాస్టారు చాలాసేపు ఎదురుచూశారు. తర్వాత టిక్కెట్లు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సరేరా. నీ నుంచి జవాబు రాలేదు గనక, సందేహం తీరిపోయిందనే రాసుకుంటాను."