ఎవరడిగినా ఇవ్వకూడని ఉత్తరం

యుద్ధానికి ఇంటికొక మనిషిని తీసుకుపోతూ, రాజు ఇంటింటికీ తన చేత్తో ఒక ఉత్తరం రాసిచ్చాడు. గెలిచాక ఆ ఉత్తరాలన్నీ గంధపు పెట్టెలో దాచుకోవాలని మోజుపడ్డాడు. భటులు అన్నీ పోగుచేశారు. చాపలల్లే నూకాలు మాత్రం ఇవ్వనంది. రాజే వచ్చాడు.

"నా రాత నాకివ్వడానికేం?"

"ఒకసారి చదవండి, మారాజా."

రాజు దర్జాగా అందుకున్నాడు. "నీ కొడుకును నేనే తెచ్చి అప్పగిస్తాను. అందాక ఈ ఉత్తరం ఎవరడిగినా ఇవ్వకు..." గొంతు తగ్గింది.

"తమ ఆజ్ఞ తప్పలేదు. వాణ్ణి అప్పగించి పట్టుకెళ్లండి."

రాజు ఉత్తరం తిరిగిచ్చి తలొంచుకుని వెళ్లిపోయాడు.

'నీకింత తెలివి ఎక్కడిదమ్మా' అని నవ్వేవాడు లేని ఇంట్లో, నూకాలు దాన్ని మళ్లీ కొడుకు అంగీలో మడిచిపెట్టింది.