మొహమాటం కుదిర్చిన పెళ్ళి

ఇటు తిరిగి పడుకో బంగారం. ఊఁ కొడుతూ వినాలి మరి. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగిపోతుంది, నాకేం.

అనగనగా గోదారి మధ్యలో ఒక లంక. ఆ లంకలో ఒక ఊళ్ళో భూషణం అని ఒక రైతు ఉండేవాడు. మనిషి వెన్న. పొలం ఉంది, పాడి ఉంది, పెంకుటిల్లు ఉంది. పెళ్ళాం మాత్రం పిల్ల పసిదిగా ఉండగానే పోయింది, పాపం. ఆ పిల్ల పేరు పేరిందేవి. అన్నీ బాగానే ఉన్నాయి గానీ భూషణానికి ఒక గుణం ఉండేది. ఏం గుణమో తెలుసా? మొహమాటం. ఎదుటి మనిషి మొహం చూస్తే చాలు, కాదు అనే మాట గొంతులోనే ఉండిపోయేది. ఎవరేం అడిగినా "అలాగేనండి, దానికేముంది" అనేసేవాడు.

గుణమంటే ఏమనుకున్నావు? సాయంత్రం ఇంటికొచ్చి చొక్కాలాగా విప్పి కొక్కేనికి తగిలించేది కాదమ్మా అది. మనిషి తినే తిండీ, పడుకునే చోటూ, కడుపున పుట్టిన పిల్లల బతుకూ అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. విను, నీకే తెలుస్తుంది.

ఒక ఏడు తొలకరి పడింది. భూషణం అరక కట్టబోతుంటే పక్కింటాయన వచ్చి ఎడ్లు ఒక్క పూట ఇమ్మన్నాడు. అలాగేనండి, దానికేముంది అన్నాడు మనవాడు. అప్పుడు ఆ పక్కింటాయన దగ్గర్నుంచి ఆయన బావమరిది తోలుకుపోయాడు. ఆ తర్వాత బావమరిది దగ్గర్నుంచి వాడి వియ్యంకుడు తోలుకుపోయాడు. ఎడ్లు ఇల్లు చేరేసరికి నేలలో పదును ఆరిపోయింది. ఊరంతా పచ్చగా ఉంటే వీళ్ళ చేను ఒక్కటే బోడిగుండులా ఉంది. ఆ ఏడంతా తండ్రీ కూతుళ్ళు గంజి తాగి బతికారు. మన ఎడ్లు, మన చేను, మనకెందుకు నాన్నా ఈ గంజి అని పేరిందేవి బిత్తరపోయి అడిగితే, పెద్దమనిషి వచ్చి అడిగాడమ్మా, మొహం మీద ఎలా కాదంటాం అన్నాడు.

సరే, అది అయింది. ఆ తర్వాత పడవ తప్పిన బాటసారి ఒకడు వచ్చి, ఈ పూటకి మీ అరుగు మీద పడుకుంటానన్నాడు. వానజల్లు కొడుతోందని సావిట్లోకి వచ్చాడు. దోమలు కుడుతున్నాయని గదిలోకి చేరాడు. అప్పుడు పెళ్ళాన్ని పిలిపించుకున్నాడు, ఆ వెనకే అత్తగారూ దిగింది. చూస్తుండగానే భూషణమూ పేరిందేవీ పశువుల పాకలో గడ్డి పరుచుకుని పడుకుంటున్నారు. సొంత ఇల్లు పెట్టుకుని! అక్కడితో అయిందా? ఒకనాడు ఆ అత్తగారు పాక దగ్గరకొచ్చి, మీరు పొద్దున్నే చెంబులు చప్పుడు చేస్తున్నారు, మాకు నిద్ర చెడుతోంది అని చెప్పి పోయింది. హవ్వ! నోటి మీద వేలేసుకుంది పేరిందేవి. వాళ్ళ నాన్నేమో ఆవిడకి దణ్ణం పెట్టి, ఇకనుంచి చూసుకుంటామండీ అన్నాడు. వాళ్ళంతట వాళ్ళకే ఆ ఊరు విసుగెత్తి వెళ్ళిపోయేదాకా ఈ తండ్రీ కూతుళ్ళది ఆ పాకే.

అలాగని ఆ గుణం అంతా చెడ్డదేం కాదులే. భూషణానికి జ్వరమొచ్చి మంచాన పడితే ఊరు ఊరంతా వంతులేసుకుని కనిపెట్టుకుంది. ఒకరు జావ తెస్తే ఒకరు పాలు పితికి పెట్టారు. ఆ మనిషికి శత్రువన్నవాడు లేడు. పేరిందేవి మాత్రం, నేను మా నాన్నలా కాదు బాబూ, ఉన్నమాట మొహం మీదే అనేస్తాను అని చెప్పుకు తిరిగేది. అన్నట్టే పడవవాడితో, కూరల మనిషితో గట్టిగానే మాట్లాడేది. తన సంగతి తనకి బాగా తెలుసనుకుంది పిచ్చిపిల్ల.

ఏదీ ఊఁ? వింటున్నావా? ఆఁ.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి పల్లాలయ్యగారని ఒక మోతుబరి వచ్చాడు. పక్కన వాళ్ళక్క సూరమ్మ. ఆయన భార్య పోయి చాలా కాలమైంది. తల నెరిసింది, ముందు పళ్ళు కదులుతున్నాయి, భూషణం కంటే పెద్దవాడు. దారిన పోతూ పలకరించడానికి వచ్చారనుకుని పేరిందేవి వంట చేసి వడ్డించింది. భోజనాలయ్యాయి. అప్పుడు సూరమ్మ బుట్టలోంచి వెండి పళ్ళెం తీసి, అందులో పట్టుచీర, పళ్ళు, ఆకులు, వక్కలు పేర్చి భూషణం ముందుకి చాపింది. మీ అమ్మాయిని మా తమ్ముడికి చేసుకుంటాం, తాంబూలం పుచ్చుకోండి అంది.

తాంబూలం పుచ్చుకోవడమంటే తెలుసుగా? పళ్ళెం అందుకుంటే మాట ఇచ్చేసినట్టే. ఇంక పిల్ల వాళ్ళింటి కోడలే.

తలుపు చాటున నిలబడి వింటోంది పేరిందేవి. నాన్నా వద్దను, ఈ ఒక్కసారికి వద్దను అని లోపల్లోపల వంద మొక్కులు మొక్కుకుంది. భూషణం పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. చేతులు మాత్రం వాటంతట అవే పైకి లేచాయి. లేచి, పళ్ళెం అందుకున్నాయి.

అప్పుడు పేరిందేవి తనే వద్దని చెప్పేస్తానని గడప దాటి వచ్చింది. పల్లాలయ్యగారు తలెత్తి చూసి, వంట అమృతంలా ఉందమ్మా అన్నాడు. అంత మర్యాదగా అన్న పెద్దాయన, ఇప్పుడే తన చేతి అన్నం తిని కూర్చున్న మనిషి. పేరిందేవి నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏం మాట వచ్చిందో తెలుసా?

"మజ్జిగ పుచ్చుకుంటారాండీ?"

అది విని ఎవరు అదిరిపడ్డారనుకున్నావు? ఆ మాట అన్న పిల్లే! వాళ్ళ నాన్న గొంతు తన గొంతులోకి ఎప్పుడొచ్చి కూర్చుందో దానికే తెలియలేదు.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే, ఇవాళ నాన్నతో చెప్పేస్తాను అనుకునేది. చేను గట్టు దాకా వెళ్ళేది. ఏమ్మా అని భూషణం అడిగితే, ఏం లేదు నాన్నా, సద్దన్నం తిన్నావా అని తిరిగొచ్చేది. తను కాదంటే, మాటిచ్చిన నాన్న నలుగురిలో తలదించుకోవాలి కదా అని దాని బెంగ. అది అడుగు తీసి అడుగేస్తుంటే వెనకనుంచి ఆయన, అమ్మా పేరిందమ్మా అని పిలిచేవాడు. వెనక్కి తిరిగితే, ఏం లేదమ్మా, ఎండగా ఉంది, కొంగు కప్పుకో అనేవాడు. ఇలా ఉండగానే ఊరివాళ్ళు కొబ్బరాకుల పందిరి వేసేశారు. భూషణమంటే ఉన్న అభిమానం కొద్దీ పిలవకుండానే వచ్చి గాడిపొయ్యి తవ్వారు, అరిసెలు వండారు. పీటల మీద కూర్చోబెడుతుంటే పేరిందేవికి ఏడుపు కూడా రాలేదు. కొయ్యబారిపోయింది.

పగటి ముహూర్తం. పెళ్ళికొడుక్కీ పెళ్ళికూతురికీ మధ్య తెర పట్టారు. తెర మీదుగా ఒకరి నెత్తిన ఒకరు జీలకర్రా బెల్లమూ పెట్టాలి. అదే ముహూర్తం. అది పడిందంటే పెళ్ళి అయిపోయినట్టే. పంతులుగారు, ఊఁ కానివ్వండి అన్నారు. తెర మీదుగా పల్లాలయ్యగారి చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి గజగజ వణికిపోతోంది. జీలకర్ర రాలి పేరిందేవి ఒళ్ళో పడుతోంది. ఆ చెయ్యిని చూస్తూంటే దానికి తాంబూలం పళ్ళెం అందుకున్న వాళ్ళ నాన్న చేతులు గుర్తొచ్చాయి. ఈయన కూడానా, అనుకుంది.

"వద్దండీ," అంది.

అప్పుడు కూడా అండీ అనడం మానలేదు చూడు! సన్నాయి ఆగిపోయింది. పంతులుగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయారు. అక్షింతలు పట్టుకున్న చేతులు ఎక్కడివక్కడే ఆగాయి.

అప్పుడు తెర అవతలి నుంచి ఒక గొంతు వినిపించింది.

"బతికించావు తల్లీ."

తెర పట్టుకున్నవాళ్ళు అవాక్కై దాన్ని వదిలేశారు. చూస్తే పల్లాలయ్యగారు బాసికం పక్కకి లాక్కుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. తనకి ఈ వయసులో పెళ్ళి ఇష్టమే లేదట. అక్క మాట కాదనలేక బయల్దేరాడట. పిల్ల తండ్రి ఎలాగూ వద్దంటాడు కదా అని ధైర్యంగా పడవెక్కాడట. సూరమ్మ నెత్తి మొత్తుకుంది. నువ్వు ఒక్కమాట కాదంటే నేనెందుకు కదిలేదాన్నిరా, తమ్ముడిని ఒంటరిగా వదిలేశావేమే అని ఊళ్ళోవాళ్ళు అంటుంటే వాళ్ళని కాదనలేకే కదా సంబంధాల కోసం తిరిగాను అంది. విన్నావా? ఆ పందిట్లో ఆ పెళ్ళి కావాలన్నవాడు ఒక్కడు లేడు. అందరూ కలిసి చేసేస్తున్నారు!

భూషణం వచ్చి పీటల దగ్గర కూలబడ్డాడు.

"నువ్వు అంటావని చూశానమ్మా," అన్నాడు. "చేలోకి వచ్చినప్పుడల్లా అంటావేమోనని చూశాను."

"నేనూ నువ్వు అంటావనే చూశాను నాన్నా," అంది పేరిందేవి.

అనేసి భోరుమంది. ఇంకొక్క రెప్పపాటు ఆగి ఉంటే తన బతుకు ఎటు పోయేదో దానికి అప్పుడు తెలిసింది. కోపమూ వచ్చింది, తండ్రి మీద జాలీ వచ్చింది, ఏది ముందో తెలియక రెండూ కలిపి ఏడ్చింది.

అంతలో ఊరిపెద్ద ఒకాయన లేచాడు. మంచివాడే, మంచి మనసుతోనే లేచాడు. పందిరుంది, వంటలున్నాయి, ముహూర్తం ఇంకా దాటలేదు, మా మేనల్లుడు ఇక్కడే ఉన్నాడు, వజ్రంలాంటి కుర్రాడు అంటూ తాంబూలం పళ్ళెం తెచ్చి భూషణం ముందుకి చాపాడు.

అమ్మో, భూషణం చేతులు మళ్ళీ లేచాయి! ఇంత జరిగాక కూడా! గుణం ఒక్క పూటలో పోతుందా ఏమిటి? భూషణం తన చేతుల్ని తనే, ఎవరివో చూసినట్టు కళ్ళప్పగించి చూసుకున్నాడు. అప్పుడు ఆ రెండు చేతుల్నీ బలవంతాన లాక్కుని నడుం వెనక్కి పెట్టుకున్నాడు.

"మా అమ్మాయిని అడగండి," అన్నాడు.

అందరూ పేరిందేవి వైపు తిరిగారు. దాని వైపు చూసి, నీకేం కావాలి అని ఎవరైనా అడగడం, ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

కథ నడిచింది కంచికి,
పడవ చేరింది ఇంటికి,
దుప్పటొచ్చింది ఒంటికి,
కునుకొచ్చింది కంటికి.