తాతగారి తివాచీలో గెంతుడు పురుగులు

ఒకానొక ఏటి ఒడ్డున మందరగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. దాన్ని గంభీరవర్మ అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే గొప్పలు ఎక్కువ. తను తుమ్మితే నలుగురూ లేచి నిలబడాలనుకునే రకం.

ఆయనకు నాలుగు కుక్కలు. జూలు నేలకు జీరాడే జాతి కుక్కలు. వాటి పేర్లు కస్తూరి, జవ్వాజి, కర్పూరం, చందనం. వాటిని కుక్కలు అని ఎవరూ అనకూడదు. పేరు చివర గారు చేర్చాలి. "కస్తూరిగారు భోంచేశారా?" అని వంటవాళ్ళు అడుగుతుంటే రాణిగారు నవ్వు ఆపుకోలేక చెంగు అడ్డం పెట్టుకునేవారు.

ఆ నాలుగూ పడుకునేది సభలో, సింహాసనం ముందు పరిచిన ఉన్ని తివాచీ మీద. అది మామూలు తివాచీ కాదు. రాజుగారి తాత యుద్ధంలో శత్రురాజును ఓడించి, అతని డేరాలోంచి తెచ్చి అక్కడ పరిచాడట. ఆనాటి నుంచి నలభై ఏళ్ళుగా దాన్ని ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే గెలుపు పోతుందని ఆ ఇంట్లో ఒక నమ్మకం. నెమలి ఈకల కట్టతో పైపైన దులిపేవారు, అంతే.

ఇలా ఉండగా ఒక వేసవిలో కోటలో గెంతుడు పురుగులు పడ్డాయి. వాటికి ఊరికో పేరు. నేను గెంతుడు పురుగు అంటున్నాను, అది చేసే పని అదే గనుక. ఆవగింజలో సగం ఉంటుంది, నల్లగా. వేలు పెట్టేలోపు గెంతి ఇంకో చోట ఉంటుంది. కుక్క జూలులో కాపురం, మనిషి కాలి మీద విందు.

రాజుగారి ఎదుట గోక్కోవడం అమర్యాద. కాబట్టి సభలో అందరూ బిగదీసుకుని నిలబడేవారు. కత్తి దెబ్బకు చలించని సేనాపతికి పిక్కల మీద ఒకేసారి నాలుగు కరిస్తే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఆయన కన్నీళ్ళు చూసి తన ప్రసంగం అంత బాగుందని రాజు సంతోషించేవాడు.

కుక్కలకు చేయని వైద్యం లేదు. వేపనూనె రాశారు, పసుపు పూశారు, పన్నీటితో స్నానాలు చేయించారు. మూడు రోజులు బాగుండేది. మళ్ళీ తివాచీ మీద పడుకునేవి, మళ్ళీ మొదటికి వచ్చేది.

రాజు ఆస్థాన పండితుడైన భద్రావధానిని పిలిపించాడు. అవధానిగారు కళ్ళు మూసుకుని కాసేపు ఊగి, ఇలా సెలవిచ్చారు.

"ప్రభూ, నీచమైన జీవి నీచమైన చోటే పుడుతుంది. ఇవి ఊరకుక్కల మీద పుట్టి గాలికి కొట్టుకుని కోటలోకి వస్తున్నాయి. ఊళ్ళో కుక్కలను వెళ్ళగొడితే పీడ పోతుంది."

రాజుకు ఆ మాట నచ్చింది. తప్పు తన ఇంట్లో లేదన్నమాట ఎవరికి నచ్చదు? మూడు రోజుల్లో ఊళ్ళోని కుక్కలన్నిటినీ ఏరు దాటించాలని దండోరా వేయించాడు.

ఏటి అవతల ఏముందని? ఇసుక, దాని వెనక బండలు. తాగడానికి నీళ్ళున్నా తినడానికి మెతుకు దొరకని చోటు.

ఆ దండోరా ఊరి చివర మంద దగ్గర బీరమ్మ చెవిన పడింది. బీరమ్మ గొర్రెలు కాసుకుని, ఉన్ని వడికి గొంగళ్ళు నేసి బతికే మనిషి. ఎనభై గొర్రెలు, రెండు కుక్కలు ఆమె ఆస్తి. కుక్కల పేర్లు కర్రోడు, బూచి. కొండలో తోడేళ్ళు ఉన్నాయి. ఆ రెండు కుక్కలూ లేకపోతే వచ్చే అమావాస్యకు మందలో ఒక్క పిల్ల మిగలదు.

మర్నాడు పొద్దున్నే ఆమె గొంగడి భుజాన వేసుకుని సభకు వెళ్ళింది.

"ఏలినవారికి దండాలు. నా కుక్కల సంగతి మనవి చేసుకుందామని వచ్చాను సామీ."

"ఆజ్ఞ ఆజ్ఞే," అన్నాడు రాజు. "ఒక్కరికి మినహాయిస్తే అందరూ అడుగుతారు."

"మినహాయించమని అడగను సామీ. పురుగు ఉన్న కుక్క పోవలసిందే. ఏ ఇంట్లో ఉన్నాయో, ఏ ఇంట్లో లేవో మీ భటులు ఎట్లా కనిపెడతారు? అది అడుగుదామనే వచ్చాను."

రాజు అవధాని వైపు చూశాడు. అవధాని పైకప్పు వైపు చూశాడు.

"ఉన్ని కొనేటప్పుడు మేము ఒక పని చేస్తాం," అంది బీరమ్మ. "కాళ్ళకు పాదం నుంచి మోకాలి దాకా తెల్లగుడ్డ చుట్టుకుని ఉన్ని కుప్పలో నడుస్తాం. పురుగుంటే గుడ్డ మీదికి గెంతుతుంది. తెలుపు మీద నలుపు, దాచిపెట్టినా దాగదు. వంద లెక్కపెట్టేలోగా పదికి మించి ఎక్కితే ఆ ఉన్ని ముట్టుకోం."

"సులువుగానే ఉంది," అన్నాడు రాజు.

"అయితే అట్లాగే రాయించండి సామీ. ఎక్కడ పదికి మించితే అక్కడి కుక్కలు, పక్కలు, పరుపులు అన్నీ ఏరు దాటాలి. ఎక్కడ తక్కువైతే అక్కడి జోలికి పోకూడదు. పెద్దా చిన్నా తేడా ఉండకూడదు. ధర్మరాజని మీకు పేరొస్తుంది."

ధర్మరాజు అనేసరికి రాజుగారి మీసం రెండు అంగుళాలు లేచింది. అక్కడికక్కడే రాయించి ముద్ర వేయించాడు.

"నడిచేది ఎవరు?" అని అడిగాడు.

"భటుడు నడిస్తే ఎవరు నమ్ముతారు సామీ? అవధానిగారి లాంటి పెద్దలు నడవాలి. ఆయన కాలు అబద్ధం చెప్పదు."

అవధాని ముఖం వికసించింది. తెల్లగుడ్డ తెప్పించి ఆయన రెండు కాళ్ళకూ చుట్టారు. ఆయన కొంగలా నిలబడి, "ముందు ఈమె మందకే పోదాం, పదండి," అన్నాడు.

"పోదాం స్వామీ, తప్పకుండా పోదాం," అంది బీరమ్మ. "ఒక్క మాట. రేపు ఎవరైనా, గుడ్డలోనే ముందునుంచీ పురుగులున్నాయి, మా కుక్క తప్పు లేదు అంటే ఏం చెప్తారు? అందుకని ముందు శుభ్రమైన చోట నడిచి, గుడ్డ తెల్లగా ఉందని నలుగురికీ చూపించాలి. ఈ రాజ్యంలో అన్నిటికన్నా శుభ్రమైన చోటు ఏది?"

"ఇంకేది? ఈ సభే," అన్నాడు రాజు.

"మీ నోటితో మీరే అన్నారు సామీ. అయితే ఆ తివాచీ మీద వంద లెక్కపెట్టేదాకా నడిపించండి."

సేనాపతికి అర్థమైంది. మీసాల చాటున పెదవి కొరుక్కున్నాడు.

అవధాని గంభీరంగా తివాచీ మీద అడుగు పెట్టాడు. కస్తూరిగారు కళ్ళు తెరిచి చూసి మళ్ళీ పడుకున్నారు. రాజు స్వయంగా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

పదిహేను దగ్గర అవధాని నడక కొంచెం తొందరయింది. ముప్పై దగ్గర ఒక కాలు ఎత్తి రెండో కాలికి రాశాడు. నలభై రెండు దగ్గర పరుగు లంకించుకున్నాడు. రాజు లెక్క అక్కడే ఆగిపోయింది.

ఎందుకంటే లెక్కపెట్టవలసినవి అవధాని కాళ్ళ మీదే ఉన్నాయి. తెల్లగుడ్డ నువ్వులు అద్దిన అరిసెలా ఉంది.

రాజు ముఖం కందగడ్డలా అయింది.

"బీరమ్మా. నన్ను నా సభలోనే నవ్వులపాలు చేశావు."

"ఎవరూ నవ్వలేదు సామీ. అందరూ గోక్కోవడానికి చూస్తున్నారు."

రాణిగారి చెంగు వెనక నుంచి చిన్న చప్పుడు వినిపించింది. రాజు అటు చూడకుండా అన్నాడు.

"ముద్ర వేసిన ఆజ్ఞ. నా కస్తూరిగారిని, జవ్వాజిగారిని ఏరు దాటించాలా? ఈ తివాచీ ఎత్తాలా? ఎత్తితే మా తాతగారి గెలుపు ఏమవుతుంది?"

బీరమ్మ నెమ్మదిగా అంది. "సామీ, మీ తాతగారికి ఇది ఎట్లా వచ్చింది?"

"శత్రువు డేరాలోంచి ఎత్తుకొచ్చారు."

"ఎత్తడం తప్పయితే, ఆ తప్పు ముందు ఆయనే చేశారు గదా?"

రాజు మీసం కిందికి దిగింది.

"మా గొర్రెలు ఒక్క చోట మూడు రాత్రుళ్ళకు మించి పడుకోవు," అంది బీరమ్మ. "ఎంత మంచి చేనైనా సరే, నాలుగో రోజు మంద మార్చేస్తాం. పడుకున్న చోటికి ఎండ తగలాలి. పురుగు ఉండేది జూలులో కొంచెమే, మిగతాదంతా పక్కలోనే సామీ. గుడ్లు జారి కింద పడతాయి, అక్కడే పొదుగుతాయి. మీరు కుక్కను కడిగి మళ్ళీ ఆ పక్క మీదే పడుకోబెడుతున్నారు. నాకు మూడు వారాలు ఇవ్వండి. ఏరు దాటాలని రాయించారు గాని తిరిగి రాకూడదని రాయించలేదు గదా, మీ ఆజ్ఞా నిలబడుతుంది, మీ కుక్కలూ నిలబడతాయి."

"పురుగులు పోకపోతే?"

"నా కుక్కలే కాదు, నేనూ నా మందా ఏరు దాటిపోతాం."

రాజు ఒప్పుకున్నాడు. అప్పటిదాకా ఊళ్ళో ఏ కుక్కనూ ముట్టుకోవద్దన్నాడు.

ఆజ్ఞ ప్రకారమే అన్నీ ఏరు దాటాయి. పదహారు మంది భటులు తివాచీని మోసుకెళ్ళి అవతలి ఒడ్డున కాలే ఇసుక మీద పరిచారు. అది ఎత్తినప్పుడు కింద లేచిన దుమ్ముకు సేనాపతి అరగంట తుమ్మాడు. ఎండలో తిరగేసి మరగేసి కర్రలతో బాదారు. పరుపుల గలీబులు, దుప్పట్లు గంగాళాల్లో మరిగే నీళ్ళలో వేశారు. నాలుగు కుక్కలకూ అక్కడే పందిరి వేసి, కుంకుడు రసంతో రుద్ది, పేల దువ్వెనతో వెంట్రుక వెంట్రుకా దువ్వారు. దువ్వెనకు వచ్చినవి వచ్చినట్టే వేడినీళ్ళలో ముంచారు.

కోటలో రోజూ మూలమూలలా ఊడ్చి ఆ దుమ్ము తగలబెట్టారు. సాయంత్రం పూట పళ్ళెంలో కుంకుడు నీళ్ళు పోసి నడుమ దీపం పెట్టారు. వెలుగు చూసి గెంతిన పురుగు నీళ్ళలో పడేది, మళ్ళీ లేచేది కాదు.

వారానికి కోట హాయిగా ఉంది. తొమ్మిదో రోజు మళ్ళీ సేనాపతిని కుట్టాయి.

"చెప్పానా? గొర్రెలకాపరి వైద్యం," అన్నాడు అవధాని.

"అవి పాతవి కావు స్వామీ, నెర్రెల్లో మిగిలిన గుడ్లలోంచి వచ్చిన పిల్లలు," అంది బీరమ్మ. "ఇప్పుడు చేతులు కడుక్కుంటే ఇవి మళ్ళీ గుడ్లు పెడతాయి. ఊడవడం ఆపకండి."

రాజుకు నమ్మకం సడలింది. ఆమె మాత్రం రోజూ వచ్చి తనే చీపురు పట్టింది. ఏటి ఒడ్డున పందిట్లో కూర్చుని కుక్కలను దువ్వేది. రెండో వారం నుంచి రాజు కూడా వచ్చి పక్కన కూర్చునేవాడు. మూడో వారానికి దువ్వెన ఆయన చేతిలో ఉంది.

ఇరవై ఒకటో రోజు తివాచీని తెచ్చి పరిచారు. దాని అసలు రంగు ఎరుపు అని ఆ రోజే అందరికీ తెలిసింది. ఈసారి తెల్లగుడ్డ రాజు తన కాళ్ళకే చుట్టించుకున్నాడు. బీరమ్మ గొంగడి అంచు చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడింది.

రాజు నడిచాడు. వంద దాకా లెక్కపెట్టారు. గుడ్డ మల్లెపూవులా ఉంది.

ఒక్క నల్లచుక్క తప్ప.

"అదిగో," అన్నాడు అవధాని. "ఉన్నది. ఒకటి ఉంటే వంద ఉన్నట్టే. ఈమె మందను ఏరు దాటించండి." అంటూ ఆ చుక్కను చూపించడానికి రాజు కాళ్ళ దగ్గరికి వంగాడు.

చుక్క గెంతింది. గెంతి నేరుగా అవధాని భుజం మీది శాలువాలో దూరింది. కొత్త చోటికి పోయినట్టు లేదు, ఇల్లు చేరుకున్నట్టుంది. అదే సమయంలో ఆ శాలువా మడతలోంచి ఇంకో రెండు తొంగిచూశాయి.

రాజు ఆ శాలువా వైపు వేలు చూపించాడు.

"అవధానిగారూ, ఈ శాలువా ఎప్పుడు ఉతికించారు?"

అవధాని గొంతు సవరించుకున్నాడు. "ఇది తమరు పన్నెండేళ్ళ కిందట సభలో కప్పిన శాలువా ప్రభూ. రాజుగారు కప్పినదాన్ని నీళ్ళలో ముంచితే ఆ గౌరవం పోతుందని, నేను ఇంతవరకూ..."

ఆయన మాట పూర్తి కాలేదు. రాజు నవ్వడం మొదలుపెట్టాడు. ముందు మీసాల్లో నవ్వాడు, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. రాణిగారు చెంగు తీసేసి హాయిగా నవ్వారు. సేనాపతి నవ్వుతూనే, ధైర్యం చేసి, రాజు ఎదుటే పిక్క గోక్కున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు.

"అవధానిగారూ, మీరు నా శిష్యులే," అన్నాడు రాజు కళ్ళు తుడుచుకుంటూ. "నేను నలభై ఏళ్ళ తివాచీ దాచుకున్నాను. మీరు పన్నెండేళ్ళ శాలువా దాచుకున్నారు. రండి, దాన్ని నేనే ఏరు దాటిస్తాను."

తర్వాత బీరమ్మ వైపు తిరిగాడు. "నీ కుక్కలు నీ మంద దగ్గరే ఉంటాయి. ఊళ్ళో కుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఇంకేం కావాలో అడుగు."

బీరమ్మ గొంగడి అంచు వదిలింది.

"ఎండాకాలం మేత కరువు సామీ. రాజుగారి తోటలో మూడు రాత్రుళ్ళు మంద పెట్టుకోనిస్తే చాలు. నాలుగో రోజు మేమే లేచిపోతాం."

"మూడు కాదు, తోట చుట్టూ మూడు మూడు చొప్పున మార్చుకుంటూ వేసవి అంతా ఉండు," అన్నాడు రాజు.

ఆ సాయంత్రమే ఎనభై గొర్రెలు రాజుగారి మామిడితోటలోకి దిగాయి. ముందు కర్రోడు, వెనక బూచి. కాపలాభటుడు అడ్డం వచ్చి ఎవరివని అడిగితే, రాజుగారే కోట గోడ మీంచి కేకేసి చెప్పారు.

"కర్రోడుగారు, బూచిగారు వచ్చారురా. దారి వదలండి."