ఉప్పగా ఉన్న కుండ

తూలుజ్వరం పేరు చెబితే కొండకింది అడవిలో ఏనుగుక్కూడా ఒళ్లు జల్లుమనేది. వానలు పడ్డాయంటే చాలు, నిక్షేపంగా మేస్తున్న జంతువు తూలి పడిపోయేది. మళ్లీ లేస్తే అదృష్టమే. అందుకని ఈసారి వానలకు ముందే ముళ్లపంది డాక్టరమ్మ ఒక టీకా తయారుచేసింది.

“పనిచేస్తుందో లేదో ఇంకా తెలీదు. ఇష్టమున్నవాళ్లే రండి,” అని ఉన్నమాట చెప్పేసింది. “సగంమందికి టీకా, సగంమందికి ఉత్త ఉప్పునీళ్లు. ఏ కుండలో ఏముందో తాబేలు తాతకి తప్ప నాక్కూడా తెలీదు. ఈ బుట్టలోంచి ఒక గింజ తియ్యాలి; చింతగింజ వస్తే ఎడమ కుండ, సీతాఫలం గింజ వస్తే కుడి కుండ. రోజూ వచ్చి ఒంట్లో ఎలా ఉందో చెప్పాలి. చెప్పినవాళ్లకి బెల్లంముక్క.”

మేక సాలమ్మ ముందుకొచ్చింది. “పోయిన వానల్లో నా పెద్దదాన్ని పొట్టన పెట్టుకుంది ఆ మాయరోగం. ఈ చిన్నదైనా నాకు దక్కాలి. నన్ను పొడువు తల్లీ!”

నక్క నాంచారయ్యకి బెల్లం కావాలి, టీకా అంటే హడల్. “అడవి కోసం నేనూ సిద్ధం!” అని గొంతు చించుకుని, అందరూ చప్పట్లు కొడుతుంటే మెల్లగా కుండల వెనక్కి జారుకున్నాడు. ఎడమ కుండ నాకి చూశాడు. ఉప్పగా ఉంది. ‘హమ్మయ్య, నీళ్లు ఇవే!’ అనుకున్నాడు.

బుట్టలో తీస్తే సీతాఫలం గింజ వచ్చింది. దాన్ని చటుక్కున నాలుక కింద దాచి, ఇంకోటి తీసి, “చింతగింజండోయ్!” అని చూపించాడు. డాక్టరమ్మ కొత్త ముల్లు తీసి, ఎడమ కుండలో ముంచి పొడిచింది. ఆవిడ ఒంటిమీద ముళ్లకేం కరువు!

తెల్లారేసరికి నాంచారయ్యకి ఒళ్లు కాలిపోతోంది. “అన్యాయం! ఉప్పగా ఉన్న కుండ చూసి మరీ వేయించుకున్నాను. నీళ్లకి జ్వరమెలా వస్తుంది?” అని లబోదిబోమన్నాడు.

అందరూ అతనివైపు తిరిగారు.

“కుండ నాకి చూశావన్నమాట,” అన్నాడు తాబేలు తాత. “మరి రెండోది నాకలేదేం?”

“అందులో మందుంటుందని... భయమేసి...”

“నీలాంటివాడు ఒకడుంటాడనే రెండింట్లోనూ ఉప్పు కలిపాను నాయనా. ఇక నీ లెక్క మాకు పనికిరాదు. బెల్లం కూడా బంద్.”

వానలొచ్చాయి, వెళ్లాయి. కుడి కుండ వాళ్లు కొందరు తూలి పడ్డారు, వాళ్లలో సాలమ్మ కూడా ఉంది. డాక్టరమ్మ పక్కనే కూర్చుని గంజి పట్టించింది. సాలమ్మతో పాటు అందరూ గట్టెక్కారు. ఎడమ కుండ వాళ్లు మాత్రం ఒక్కరూ పడలేదు. టీకా అందులోనే ఉందని తాత చెప్పగానే అందరూ గంతులేశారు.

“నావి ఉత్త నీళ్లేనా!” అని సాలమ్మ పకపకా నవ్వింది. “పోన్లే, మేం పడబట్టేగా టీకా గొప్ప తెలిసింది! ముందు నా బుజ్జిదానికి వెయ్యి తల్లీ.” ముల్లు గుచ్చుకోగానే మేకపిల్ల కెవ్వుమంది. సాలమ్మ కళ్లు తుడుచుకుంది.

నాంచారయ్య మెల్లగా తాత దగ్గరికొచ్చాడు. “మరి నాకు మొదట వచ్చిన సీతాఫలం గింజ?”

“నీళ్లదే. బుద్ధిగా ఉంటే నీ భయమూ తీరేది, రోజూ బెల్లమూ దక్కేది. నువ్వే వెతుక్కుని మరీ టీకా వేయించుకున్నావు!”

నీతి: సూదికి భయపడటం తప్పు కాదు, భయాన్ని దాచి నలుగురినీ మోసం చేయాలనుకోవడమే తప్పు.