లాంతరు ఎవరి చేతిలో ఉంది

తాను చూడని సినిమా గురించి కూడా చూసినట్టే రాసే అలవాటున్న చిదంబరం అనే విలేకరి, విజయవాడలో ఒక దినపత్రికలో పనిచేసేవాడు. పాత సినిమాల మీద ప్రతి శుక్రవారం ఒక వ్యాసం రాసేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క వారం తప్పలేదు. ఏ నటుడు ఏ ఏడు తెరమీదికి వచ్చాడో, ఏ దర్శకుడు ఎవరి దగ్గర పని నేర్చుకున్నాడో పాఠకులు అతన్నే అడిగేవారు. అతను చెప్పిందే ఖాయం అనుకునేవారు.

అతని విద్య అంతా ఒక ఇనప బీరువాలో ఉండేది. అందులో పదకొండు వందల పాటల పుస్తకాలు ఉండేవి. పూర్వం సినిమా హాళ్ళ దగ్గర ఆ పుస్తకాలు అమ్మేవారు. పల్చటి కాగితం, నాలుగైదు ఆకులు. అట్ట మీద బొమ్మ, లోపల నటీనటుల పేర్లు, పాటలు, రెండు పేజీల కథ. కథ సగంలో ఆగిపోయేది. మిగతాది తెరమీద చూసుకోమని ఆఖరి వాక్యం చెప్పేది. చిదంబరం ఆ మిగతాది చూసేవాడు కాదు, ఊహించేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు అతని ఊహ తప్పేది కాదు. పదోసారి తప్పినా పట్టుకునేవాడు ఉండేవాడు కాదు. ఆ సినిమాలు అప్పటికే ఎక్కడా ఆడటం లేదు.

ఒక వేసవిలో గుడివాడ దగ్గర మూతపడ్డ సినిమా హాలును పడగొడుతుంటే, మెట్ల కింది గదిలో రెండు పాత సినిమాల రీళ్ళు దొరికాయి. ఒకటి పెద్ద కథానాయకుడు నటించిన పౌరాణికం. రెండోది ‘గోదారి లాంతరు’. దాన్ని తీసింది రేమెళ్ళ భీమశంకరం అనే దర్శకుడు. ఆయన జీవితంలో మూడు సినిమాలే తీశాడు. మూడూ ఆడలేదు. మిగిలిన రెండింటి రీళ్ళు ఎప్పుడో పోయాయి.

విజయవాడ ఫిల్మ్ సొసైటీ వాళ్ళు ఆ రీళ్ళను తెచ్చుకున్నారు. సొసైటీ కార్యదర్శి దమయంతి గారు కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయిన మనిషి. ఫిల్ము అప్పటికే పులిసిన వాసన వేస్తోందనీ, వానాకాలం దాటేదాకా నిలవదనీ ఆవిడ గ్రహించింది. మద్రాసులో ఒక ల్యాబు వాళ్ళు శుభ్రం చేసి కొత్త ప్రతి తీస్తామన్నారు. అయితే వానలు పడేలోగా ఒక్క సినిమాయే చేయగలమన్నారు. ఏది పంపాలో తేల్చమని ఆవిడ చిదంబరాన్ని అడిగింది. రెండు రోజులు తీరిక చేసుకుని వస్తే రెండింటినీ రీళ్ళు చూసే బల్లమీద నెమ్మదిగా తిప్పి చూపిస్తానంది.

చిదంబరం చూడనక్కర్లేదన్నాడు. రెండూ తన బీరువాలో ఉన్నాయన్నాడు.

“మీ బీరువాకి కళ్ళున్నాయా చిదంబరం గారూ?” అని ఆవిడ అడిగింది.

అతను నవ్వేశాడు. ఆ శుక్రవారం వ్యాసంలో తన తీర్పు రాశాడు. పౌరాణికంలో పంతొమ్మిది పాటలు, ఐదు యుద్ధాలు ఉన్నాయనీ, అది జాతి సొత్తనీ అన్నాడు. ‘గోదారి లాంతరు’ ఇద్దరు పడుచువాళ్ళ మామూలు ప్రేమకథ అనీ, చివర నాయిక లాంతరు పట్టుకుని నాయకుడికి ఎదురొస్తుందనీ, అంతకుమించి అందులో ఏమీ లేదనీ తేల్చాడు. హాస్యనటుడు జారుడు నరసు పేరు పాటల పుస్తకంలో అందరికంటే కింద, “మరియు” తర్వాత ఉంది. కాబట్టి ఆయన గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టాడు. జీవితమంతా జారి కిందపడటమే ఆయన నటన అని రాశాడు. నరసు చనిపోయి అప్పటికి ఐదేళ్ళయింది.

నాలుగో రోజున పత్రికాఫీసుకు ఒక ముసలాయన వచ్చాడు. ఇస్త్రీ చేసిన ఖద్దరు చొక్కా, చేతిలో గొడుగు, గుడ్డసంచి. రాజమండ్రి నుంచి పొద్దుటి రైల్లో దిగానని చెప్పాడు. తన పేరు భీమశంకరం అన్నాడు.

చిదంబరం లేచి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఇన్నాళ్ళకు దర్శనమయిందని మర్యాదగా అన్నాడు. ముసలాయన తన గొప్ప చెప్పుకోవడానికి రాలేదు. ఆ సినిమాను అందరూ మరిచిపోయినా తనకు బాధ లేదన్నాడు. నరసు గురించే వచ్చానన్నాడు. పరీక్ష రాసే పిల్లవాడిలా కుర్చీ అంచున కూర్చుని, గొడుగు మీద రెండు చేతులూ ఆనించి ఒకే ఒక కోరిక కోరాడు.

“చూసి బాగాలేదనండి, ఒప్పుకుంటాను. చూడకుండా మాత్రం అనకండి.”

చుట్టూ బల్లల దగ్గర కుర్ర సబ్ ఎడిటర్లు ఉన్నారు. వాళ్ళు తలలెత్తి చూశారు. చూడలేదని చెప్పడానికి అదే సమయం. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. రీళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నాయి. కానీ అంతమంది ముందు ఇరవై రెండేళ్ళ పేరు అతనికి అడ్డొచ్చింది.

“చూశానండీ. విడుదలైన వారంలోనే చూశాను” అన్నాడు.

భీమశంకరం గారు టీ గ్లాసు బల్లమీద పెట్టాడు. “సంతోషమండి. అయితే చివర్లో లాంతరు ఎవరి చేతిలో ఉంటుందో గుర్తుందా?”

చిదంబరానికి పాటల పుస్తకం అట్ట కళ్ళముందు మెదిలింది.

“నాయిక చేతిలో. అది మరిచిపోతామా అండీ” అన్నాడు.

ముసలాయన కాసేపు అతని ముఖం వంక చూశాడు. మిగిలిన టీ తాగి, గ్లాసు చేతికందుకున్న ఆఫీసు బంట్రోతుకు కృతజ్ఞత చెప్పి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు.

సొసైటీ సభ్యులంతా చిదంబరం మాటే ఖాయమనడంతో ఆ వారమే పౌరాణికం మద్రాసు వెళ్ళింది. ‘గోదారి లాంతరు’ పదహారు డబ్బాలు సొసైటీ గదిలో ఒక మూలన ఉండిపోయాయి. ఆ ఏడు వానలు తొందరగా వచ్చి ఎక్కువ రోజులు పడ్డాయి. అక్టోబరులో దమయంతి గారు డబ్బాలు తెరిచింది. పదిహేను డబ్బాల్లో ఫిల్ము చుట్టలు మామిడితాండ్ర పొరల్లా ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. విప్పబోతే బొమ్మ ఊడి పొడిగా రాలింది. పదహారో డబ్బా ఒక్కటి అల్యూమినియంది. అందులో ఆఖరి రీలు బాగానే ఉంది. పౌరాణికానికి ఇంకో ప్రతి బొంబాయిలో ఒకరి దగ్గర భద్రంగా ఉన్నట్టు ఆ నెలలోనే తెలిసింది. ఆ సంగతి ఏ పాటల పుస్తకంలోనూ లేదు.

ఆ ఒక్క రీలునైనా పదిమందికీ చూపించాలని దమయంతి గారు అనుకుంది. ఒక ఆదివారం ఉదయం ఒక హాలు అడిగి తీసుకుంది. భీమశంకరం గారికి కబురు పంపింది. చిదంబరం కూడా వచ్చాడు. రాకపోతే బాగుండదని వచ్చాడు.

రీలు పదకొండు నిమిషాలు నడిచింది. అందులో ఒక్క మాట లేదు. తెల్లవారే వేళ, గోదావరి రేవు. పొగమంచులో నది కనబడదు. ఆ మంచు లోపల ఎక్కడో ఒక పడవ ఉంది. పడవలో జనం ఉన్నారు. వాళ్ళకు ఒడ్డు తెలియాలంటే రేవులో లాంతరు వెలగాలి. ఆ లాంతరు వెలిగించే మనిషి జారుడు నరసు.

ఆయన లాంతరు పట్టుకుని తడి మెట్లు దిగుతూ జారిపడ్డాడు. అలవాటు కొద్దీ హాల్లో నవ్వు వచ్చింది. చిదంబరం కూడా నవ్వాడు. తెరమీద లాంతరు గాజు పగిలిపోయింది. గాలికి దీపం ఆరిపోయింది. నవ్వు ఆగిపోయింది.

నరసు మోకాళ్ళ మీద లేచాడు. అగ్గిపుల్ల గీశాడు, ఆరిపోయింది. మరొకటి గీశాడు, అదీ ఆరిపోయింది. మూడో పుల్లకు వత్తి అంటుకుంది. గాలి మళ్ళీ వచ్చింది. ఆయన రెండు అరచేతులూ వత్తి చుట్టూ దడిలా కట్టి, గాజు ఉండాల్సిన చోట తన చేతులు పెట్టాడు. మంట చేతులకు తగులుతూనే ఉంది. ఆయన ముఖం కొంచెం కూడా ముడుచుకోలేదు. కళ్ళు మాత్రం మంచు వైపు చూస్తున్నాయి. జీవితమంతా ఆ ముఖాన్ని వంకరలు తిప్పి జనాన్ని నవ్వించిన మనిషి, ఆ పూట దాన్ని కదలనివ్వలేదు.

పడవ ఒడ్డుకు వచ్చింది. జనం దిగారు. మూటలు దించుకుంటూ, పిల్లల్ని పిలుచుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. నాయకుడూ నాయికా కూడా ఆ గుంపులోనే ఉన్నారు. నరసు వైపు ఎవరూ చూడలేదు. ఒకడు లాంతరును దాటుకుంటూ పోయాడు. రేవు ఖాళీ అయ్యాక, నరసు అడుగు మెట్టు మీద కూర్చుని రెండు చేతులూ నీళ్ళలో పెట్టాడు. పొద్దెక్కింది. లాంతరు మెట్టు మీద ఉంది. ఎండలో దాని వెలుగు కనబడటం లేదు.

రీలు అయిపోయి తెర తెల్లబడింది. హాల్లో లైట్లు వేశారు. ఎవరూ లేవలేదు. చప్పట్లు కొట్టాలని కూడా ఎవరికీ తోచలేదు.

చిదంబరం ముందు వరుసకు వెళ్ళి భీమశంకరం గారి ఎదుట నిలబడ్డాడు.

“నేను చూడలేదండీ” అన్నాడు.

“తెలుసండి. ఆ రోజే తెలిసింది.”

“అప్పుడే దమయంతి గారికి చెప్పి ఉంటే ఈ సినిమా దక్కేది. ఎందుకు చెప్పలేదు?”

“నా పిల్ల చక్కనిదని నేనే చెప్పుకుంటే ఎవరు నమ్ముతారండీ? చూసినవాళ్ళు చెప్పాలి. చూశానన్నవారు మీరొక్కరే, అందరూ మీ మాటే నమ్మారు.”

తర్వాత ఆయన పాటల పుస్తకం సంగతి చెప్పాడు. హాస్యనటుడి కథ అంటే పంపిణీదారులు ముట్టుకోరని, దాన్ని ప్రేమకథగా అచ్చు వేయించింది తానేనన్నాడు. అట్టమీద లాంతరు నాయిక చేతికి ఇప్పించిందీ తానేనన్నాడు. ప్రేమకథ కోసం వచ్చిన జనం మోసపోయామనుకుని లేచిపోయారు. రెండో వారానికి సినిమా తీసేశారు. ఆ తర్వాత నరసుకు మళ్ళీ జారిపడే వేషాలే వచ్చాయి.

“మొదటి అబద్ధం నాదండి. దాన్ని మీరు చదివారు. మీరు చేసిన తప్పల్లా ఏమిటంటే, కథ మిగతాది తెరమీద చూడమని కింద రాసిందాన్ని చదవకపోవడం” అన్నాడు ఆయన. గొడుగు అందుకుంటూ, “నరసు మూడు వందల సినిమాల్లో కిందపడ్డాడు. ఈ ఒక్కదాంట్లోనే లేచాడు. అది పదకొండు నిమిషాలు మిగిలింది. అంతే ప్రాప్తం” అన్నాడు.

తర్వాతి శుక్రవారం చిదంబరం వ్యాసం రాయలేదు. ఆ చోట సవరణ వేశాడు. పత్రికలో పేరు తప్పు పడితేనో, తేదీ తప్పు పడితేనో రెండు లైన్ల సవరణ వేయడం వాడుక. ఇది రెండు కాలమ్‌ల నిండా వచ్చింది. తాను రాసిన పాత సినిమాల్లో చూసినవి ఏవో, చూడనివి ఏవో విడివిడిగా పేర్లు రాశాడు. చూడనివే ఎక్కువ. ‘గోదారి లాంతరు’ తన మాట వల్ల నశించిందని రాశాడు. పత్రిక పరువు పోతుందని సంపాదకుడు దాన్ని తగ్గించమన్నాడు. పోయింది పత్రిక పరువు కాదనీ, పదిహేను రీళ్ళనీ చిదంబరం అన్నాడు. ఒక్క అక్షరం తగ్గించలేదు.

ఆ తర్వాత అతని వ్యాసం ప్రతి వారం రాలేదు. ఎక్కడైనా పాత సినిమా వేస్తున్నారని తెలిస్తే బస్సెక్కి వెళ్ళి చూసి వచ్చాకే రాసేవాడు. చూసిన ఊరూ తేదీ కింద వేసేవాడు. నటుల పేర్లు పాటల పుస్తకంలోని వరుసలో రాయడం మానేశాడు. మునుపటిలా పాఠకుల ఉత్తరాలు రావడం లేదని సబ్ ఎడిటర్లు చాటుగా అనుకునేవారు. అతను పట్టించుకోలేదు. ఇనప బీరువా తలుపు లోపలివైపు ఒక చిన్న కాగితం అంటించుకున్నాడు. లాంతరు మెట్టు మీద ఉంది అని దాని మీద రాసి ఉండేది.

కళాకారుడి జీవితకాలపు పనిని కళ్ళారా చూడకుండా దాని మీద తీర్పు చెప్పకూడదు. చూడకుండా చెప్పిన మాట అబద్ధమే అయినా, దానివల్ల కలిగే నష్టం మాత్రం నిజమైనదే.